పోలియో - రక్తపు సాక్ష్యము



కొన్నియేండ్ల క్రిందట నేనొక పల్లెలో చిన్నపిల్లల రక్తమును పరీక్షకై సేకరించుచుండగా, ఒక పెద్దమనిషి ఊతకఱ్ఱతో వచ్చి రచ్చబండమీద గూర్చుండెను. బాల్యమున పోలియో సోకి ఆయన కుడికాలు చచ్చుపడినది. "డాక్టరుగారూ, మా మనుమనికి చుక్కలమందు వేయించితిమి. వాడు లేడిపిల్లవలె గంతులు వేయుచున్నాడు. బాగుగనున్న బిడ్డకు ఈ సూదిపోటెందుకండీ?" అని యడిగెను. ప్రశ్న న్యాయమైనది. నాడు ఆయనకు చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవించుచున్నాను.

పోలియో వైరసు నోటిద్వారా ప్రవేశించి, ప్రేవులలో వృద్ధిపొంది, మలముతో వెలికివచ్చును. అది సోకిన 200 మందిలో సుమారొక్కరికే అవయవములు చచ్చుపడును. తక్కినవారిలో పెక్కుమందికి జబ్బు వచ్చినట్లే తెలియదు. కావున ఎవరికి రక్షణ కలదో, ఎవరికి లేదో కంటితో చూచి చెప్పజాలము. రక్తము మాత్రము చెప్పగలదు. వైరసుగాని టీకాగాని శరీరమున ప్రవేశించినపుడు, ఆ వైరసును పట్టి నిర్వీర్యము చేయు ప్రతిరక్షకములు రక్తమున పుట్టును. పోలియో వైరసులు మూడు రకములు. ఒక్కొక్క రకమునకు ప్రతిరక్షకములు వేఱు.

పరీక్షావిధానమును వినుడు. రక్తము గడ్డకట్టిన పిదప తేరిన పసుపువన్నె నీటిని సీరమందురు. దానిని 8 పాళ్లలో ఒక పాలు, 16లో ఒక పాలు, 32లో ఒక పాలు, ఇట్లు వరుసగా పలుచన చేసి, ప్రతిదానియందును మితమైన వైరసును గలిపి, కొంతసేపటికి జీవకణములను చేర్చుదురు. సుమారు అయిదు దినములకు కణములు బ్రతికియున్నచో సీరము గెలిచినదన్నమాట. ఎంత పలుచనైనను కాపాడగలిగినచో అంత బలము. 8లో ఒక పాలుగానున్నపుడైనను కాపాడనిచో, ఆ రకమునకు చాలినంత ప్రతిరక్షకములు లేవని లెక్కింతురు.

ఒక దృష్టాంతము చెప్పెదను. అలాస్కా ఉత్తరతీరపు స్థానికజనుల రక్తమును జాన్ పాల్ అను అమెరికా వైద్యుడు సహచరులతో గూడి పరీక్షించి, 1951లో ఫలితములను ప్రకటించెను. రెండవ రకపు ప్రతిరక్షకములు ఇరువదియేండ్లు దాటినవారిలో కానవచ్చెను. అంతకు చిన్నవారిలో దాదాపు లేవు. ఆ వైరసు ఇరువదియేండ్ల క్రిందట వచ్చిపోయి, మరల రాలేదని దీనివలన తేలినది. ఒకసారి కలిగిన రక్షణ అంతకాలము నిలుచుననియు తెలిసినది. పెద్దల రక్తమే ఆ ఊళ్ల చరిత్రను చెప్పినది.

మన దేశమున సహజమైన పోలియో వైరసువలన కలిగిన కడపటి జబ్బు 2011లో కనబడెను. 2014లో ఈ ప్రాంతము పోలియో లేనిదని ధ్రువపఱచిరి. అయినను 2016లో హైదరాబాదు మురుగునీటిలో, టీకానుండి మార్పుచెందిన రెండవ రకపు వైరసు కనబడగా, అచ్చటి పిల్లలకు సూదిమందు వేయవలసివచ్చెను. కావున కంచె ఎక్కడ సడలినదో ముందుగా తెలియవలెను. కొందఱు బిడ్డల రక్తమును చూచినచో ఆ ప్రాంతమునందలి రక్షణ యెట్లున్నదో తెలియును.

దీని హద్దులను దాచను. రక్తమునందలి బలము అవయవములను కాపాడును. కాని వైరసు ప్రేవులలో నిలిచి ఇతరులకు సోకవచ్చును. నెలల బిడ్డలో కనబడు బలము తల్లినుండి వచ్చినది కావచ్చును. అది త్వరలో తఱుగును. కావున పరీక్షించినంత మాత్రమున టీకాలను, పారిశుద్ధ్యమును మానరాదు.

"మీ మనుమనికి దీనివలన నేడే లాభమని చెప్పను; ఊరి బిడ్డలందఱికిని మేలు కలుగవచ్చును" అంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "మా కాలమున కాలు పోయిన తరువాతనే తెలిసెడిది. ముందే తెలియుట మేలుగదా" అని మనుమని పిలిచి, తన ఒడిలో గూర్చుండబెట్టుకొని, వాని చేయి నాకు చాపెను.

మీ ఊరికిని ఇట్టివారు వచ్చినచో, వారి నడుగవలసినదంతయు అడుగుడు. తృప్తి కలిగినచో మీ బిడ్డల చేయి చాపుడు.