తెరపై కనిపించినదంతా భద్రపరచవలసినదేనా?



న్యాయసహాయం కోరి వచ్చినవారి వివరాలను ఒకప్పుడు కాగితంపై రాసి, బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. నేడు అవన్నీ కంప్యూటర్ తెరపై ఉంటున్నాయి. ఆ తెరనే యంత్రం తనంతట తాను చిత్రాలుగా తీసి దాచుకుంటే, ఆ తాళానికి ఇక విలువేముంది?

2024 మే నెలలో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘రీకాల్’ అనే సదుపాయాన్ని ప్రకటించింది. కొత్తతరం విండోస్ కంప్యూటర్లలో ఇది కొన్ని సెకన్లకొకసారి తెరను చిత్రంగా తీసి, తర్వాత వెతుక్కునేందుకు వీలుగా ఆ కంప్యూటర్‌లోనే నిల్వ చేస్తుంది. తొలి రూపంలో ఆ నిల్వకు తగిన రక్షణ లేదని భద్రతా పరిశోధకులు చూపించారు. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం సంస్థను వివరణ కోరింది. జూన్‌లో విడుదల వాయిదా పడింది. 2025 ఏప్రిల్‌లో అది మార్పులతో వచ్చింది. ఇప్పుడు మనం కోరుకుంటేనే పనిచేస్తుంది. నిల్వ ఎన్‌క్రిప్షన్‌లో ఉంటుంది. ఈ మార్పులు స్వాగతించదగినవే.

అయితే అసలు చిక్కు తీరలేదు. అనుమతి ఇచ్చేది కంప్యూటర్ యజమాని. చిత్రంలో చిక్కేది ఎదుటివారి మాట. భర్త హింసను తాళలేక ఒక స్త్రీ పంపిన సందేశం, ఆమె చెరిపేసిన తర్వాత కూడా, అందుకున్నవారి యంత్రంలో చిత్రమై మిగిలిపోవచ్చు. అందుకే సిగ్నల్ సంస్థ 2025 మేలో తన విండోస్ యాప్ తెరను ఇలా చిత్రించకుండా అడ్డుకట్ట వేసింది.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం వ్యక్తులు సొంత, గృహ అవసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదు. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ కక్షిదారు తన న్యాయవాదికి చెప్పిన మాటలను కాపాడుతుంది. న్యాయవాది కాని కార్యకర్తకు ఆ రక్షణ ఉందని భరోసా పడలేము. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద దర్యాప్తుకు అవసరమైన పరికరాలను సైతం సమర్పించమని కోరవచ్చు.

విచారణకు కోరిన రికార్డును చెరిపివేయడం నేరం. అనవసరమైన రికార్డును అసలు పుట్టనివ్వకపోవడం వివేకం. కనుక బాధితుల వివరాలు చూసే ప్రతి కంప్యూటర్‌లోనూ ఈ సదుపాయం ఆగి ఉన్నదో లేదో సెట్టింగులలో స్వయంగా పరిశీలించండి. పాత చిత్రాలు ఉంటే, వాటిని ఉంచాలా తొలగించాలా అన్నది న్యాయవాదిని సంప్రదించి నిర్ణయించండి. మనల్ని నమ్మి నోరు విప్పినవారికి ఆ మాట ఎక్కడ నిలిచి ఉంటుందో చెప్పగలగడం మన కనీస బాధ్యత.