తల చూసే ముందు ట్యాంకు చూడండి



రాయికల్ కావచ్చు, కోరుట్ల, సిరిసిల్ల కావచ్చు. బడిలో ఆరోగ్య తనిఖీ అంటే మన పిల్లలకు సూది కంటే పెద్ద భయం ఇంకోటుంది. అందరి ముందు తల చూసి "పేన్లున్నయ్, పక్కకు నిలబడు" అంటారేమోనని. "గూడెం పిల్లలు గింతే" అనే మాట అక్కడి నుంచే మొదలైతది.

ఆ మాట అబద్ధం. పేను ఎగరదు, దుంకదు. తలకు తల తగిలితే పాకుతది. శుభ్రంగా కడిగిన తలకూ ఎక్కుతది. పిల్లలు పక్కపక్కనే పండుకునే హాస్టల్‌లో ఒకరికి వస్తే నలుగురికి వస్తది. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే, పేన్లున్నాయని పిల్లలను బడి మాన్పించొద్దని స్పష్టంగా చెప్పింది.

మన దగ్గర ఏమైంది? 2019లో మెదక్‌లోని గిరిజన బాలికల మినీ గురుకులంలో, నీళ్లు చాలట్లేదని ఆడపిల్లల జుట్టు కత్తిరించారని వార్తలొచ్చినయి. తల్లిదండ్రులు ఆందోళనకు దిగిన్రు. నీళ్లు లేకుంటే నీళ్లు తేవాలె గానీ పిల్లల జుట్టు మీద పడుడేంది?

తనిఖీ మనకు కావాలె. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం బడికి ఏడాదికోసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు రావాలె. గుండె జబ్బు, చూపు, వినికిడి, రక్తహీనత, చర్మరోగాలు చూడాలె. అవసరమైతే పెద్దాసుపత్రికి పంపాలె. కానీ అవమానం వద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టుడుతో పాటు మానసికంగా వేధించుడును కూడా నిషేధించింది.

ఈసారి బృందం వచ్చిన రోజు మీరు బడికి పోండి. మూడు సంగతులు అడగండి.

ఒకటి: తల విడిగా గదిలో చూడాలె. ఎవరి పేరూ బయట చదవొద్దు.

రెండు: పేన్లున్న పిల్లలందరికీ ఒకే రోజు మందు పెట్టాలె. గుడ్లు వారం పది రోజుల్లో పగులుతయి కాబట్టి, డాక్టర్ చెప్పినట్టు రెండోసారి కూడా పెట్టాలె. ఇంట్లో మనం కూడా కిరోసిన్, చేన్ల కొట్టే పురుగుమందు తలకు రాయొద్దు, ప్రాణం మీదికొస్తది.

మూడు: స్నానాల గది కూడా చూడాలె. నల్లాలు ఎన్ని పనిచేస్తున్నయి? నీళ్లు ఎంతసేపు వస్తున్నయి? కాస్మెటిక్ చార్జీలు పిల్లలకు ఎప్పుడు అందినయి? ఇవన్నీ కాగితం మీద రాయమనండి.

నీళ్లు, సబ్బు, నూనె ఇయ్యకుండా పిల్లను శుభ్రంగా ఉండమనే హక్కు ఎవరికీ లేదు. జోహార్!