కారుచౌకయా, అయినకాడికా?



తెనాలి, బాపట్ల, రేపల్లె పఠనమందిరములలో మేము ముచ్చటింపబూనిన మాట యొక్కటే: కారుచౌక. కారుచీకటిలో చీకటి యెట్లు చిక్కనగునో, ఇందు చౌక యట్లు చిక్కనైనది. వస్తువు తన విలువకంటె మిక్కిలి తక్కువకు చేయి మాఱినదని భావము. అయితే ఇది కొనువాని నోటి మాట, సంతోషముతో ననుమాట. ధాన్యమమ్మి యింటికి వచ్చిన రైతు కారుచౌకగా నమ్మితిననడు. "అయినకాడికి ఇచ్చివేసితిని" అనును. బేరమొక్కటే, ధర యొక్కటే, మాటలు మాత్రము రెండు. వార్తలు వ్రాయువారు మొదటి మాటనే పట్టుకొందురు. మావంటి వకీళ్లకును ఆ దోషము లేకపోలేదు.

అయినకాడికి ఇచ్చినవాని సమ్మతి యెట్టిది? తెల్లదొరలు చేసినదే యైనను, నేటికిని నడచుచున్న 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షనులో నొక చక్కని ఉదాహరణము గలదు. వేయి రూపాయల గుఱ్ఱమును పది రూపాయలకిచ్చుట కొకడు ఒప్పుకొనెను. స్వేచ్ఛగా నొప్పుకొన్నచో, ధర చాలదను కారణముననే ఒప్పందము చెడదు. స్వేచ్ఛగా నొప్పుకొనలేదని యతడు వాదించునెడల, ధర యంత తక్కువగుటను న్యాయస్థానము గమనింపవలెను. కాని డబ్బు అవసరము మాత్రముననే సమ్మతి చెడినదని చట్టమంగీకరింపదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

2023 డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటినది. కోసిన పనలు నీట నానినవి, కుప్పలు తడిసినవి. ఆ యేట సాధారణరకము ధాన్యమునకు మద్దతుధర క్వింటాలుకు 2,183 రూపాయలు. 75 కిలోల బస్తాకు రమారమి 1,637. అయితే ఆ ధర తేమ నూటికి 17 పాళ్లకు మించని గింజకే. తడిసిన గింజ ఆగదు, మొలకెత్తును. లేదా రంగు మాఱును. దుగ్గిరాల యార్డుకు వచ్చు ఎండుపసుపు అట్లు కాదు. శీతలగిడ్డంగిలో దాచి, ధర కొఱకు కొన్ని నెలలు వేచియుండవచ్చును. వేచియుండగలవాడే బేరమాడగలడు.

కళ్లమునొద్దకు పోయి, బస్తా యెంతకు పోయినదని యడిగి, కారుచౌక యని వ్రాసికొనుట సులభము. ఆరబోయుటకు చోటున్నదా, కప్పుటకు బరకములున్నవా, ఇంక నాలుగు దినములాగుటకు అప్పులవాడొప్పునా యని యడిగినవారు మనలో నెందఱు?