చన్నీటి చేపకై యాత్ర – హగరి ఒడ్డున సన్నాహం



గాలానికి వానపామును గుచ్చి, బెండు మునిగేవరకు కన్నార్పక కూర్చోవడం హగరి ఒడ్డున పెరిగినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. కాని అదే చేయి కొండవాగులో ట్రౌట్ అనే చేపను పట్టదలచితే వేరొక సన్నాహం కావాలి. ఆ సన్నాహంలో మొదటి ప్రశ్న గాలపుకర్రను గురించినది కాదు, నీటిని గురించినది.

ట్రౌట్ చన్నీటి చేప. సుమారు 10 నుండి 18 డిగ్రీల సెల్సియస్ వేడిమిగల నీటిలో అది సుఖంగా పెరుగుతుంది. 25 డిగ్రీలు దాటితే దానికి ప్రాణాపాయమే. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది. రాళ్ళపై విరిగి పారే వాగు ఆ వాయువును మరింతగా కలుపుకొంటుంది. అందువల్లనే దక్షిణదేశంలో నీలగిరులు, మున్నారు వంటి ఎత్తైన కొండలలోనే ఈ చేపకు చోటు దొరికింది.

అక్కడికైనా అది తనంత తాను వచ్చినది కాదు. మదరాసు సైన్యంలో వైద్యుడూ, భారతదేశపు మత్స్యాలపై గొప్ప గ్రంథం రచించినవాడూ అయిన ఫ్రాన్సిస్ డే 1860ల దశకంలో ట్రౌట్ గుడ్లను ఓడలో తెప్పించి విఫలుడయ్యాడు. తరువాత 1907లో హెచ్. సి. విల్సన్ కృషితో నీలగిరులలోని అవలాంచిలో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం ఏర్పడింది. ఉత్తర అమెరికా పడమటి తీరానికి చెందిన రెయిన్‌బో ట్రౌట్ అక్కడ నిలదొక్కుకొన్నది. అప్పుడు బళ్ళారి, నీలగిరి జిల్లాలు రెండూ మదరాసు ప్రెసిడెన్సీ పాలనలోనివే. బళ్ళారి మైసూరులో చేరినది 1953 అక్టోబరు 1న.

యాత్రకు కాలనిర్ణయం ముఖ్యం. నైరృతి ఋతుపవనాల వేళ ఆ కొండలకు వెళ్ళరాదు. 2019 ఆగస్టు 8న అవలాంచిలో ఒక్క దినంలో 82 సెంటీమీటర్ల వర్షం నమోదయింది. బళ్ళారి ప్రాంతంలో సాధారణంగా సంవత్సరమంతా కురిసే వాన కూడ అంత ఉండదు. మార్గం బెంగళూరు, మైసూరు మీదుగా. బండీపుర అడవిదారి రాత్రి 9 గంటలనుండి ఉదయం 6 వరకు వాహనాలకు మూసివేస్తారు గనుక మైసూరులో రాత్రి బస చేసి తెల్లవారి బయలుదేరడం మేలు. నీలగిరులకు వెళ్ళే బయటి వాహనాలకు 2024 మే 7న ఈ-పాస్ విధానం మొదలైంది. ముకుర్తి జాతీయోద్యానం రక్షితప్రాంతం. ఎక్కడ గాలం వేయవచ్చునో, ఎక్కడ కూడదో అటవీశాఖవారిని, మత్స్యశాఖవారిని అడిగి, అనుమతి చేతికి వచ్చిన తరువాతనే మూట కట్టాలి. నీలగిరులలో అనుమతి దొరకకపోతే హిమాచల ప్రదేశంలోని తీర్థన్ నది ఉన్నది. అక్కడ లైసెన్సు తీసికొని మార్చి నుండి అక్టోబరు వరకు ట్రౌట్ పట్టవచ్చు. నవంబరు 1 నుండి ఫిబ్రవరి చివరివరకు, అది గుడ్లుపెట్టే కాలం కనుక, నిషేధం.

ఇక విద్య. మామూలు గాలంలో సీసపు గుండు బరువే దారాన్ని లాగుకొనిపోతుంది. ఈకలు, పోగులు చుట్టి చేసిన కృత్రిమపు ఈగకు బరువు లేదు. కనుక ఈ పద్ధతిలో దారమే బరువుగా ఉంటుంది. కర్రను వెనుకకు ఎత్తి, దారం వెనుక పూర్తిగా సాగేవరకు క్షణకాలం ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. ఆగలేనివాని దారం చిక్కుపడుతుంది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నిలుస్తుంది. అందుచేత నీటిపై నీడ పడకుండా దిగువనుండి పైకి నడవాలి. గాలపు ముల్లును ముందే నొక్కి చదును చేయాలి. విడువదలచిన చేపను తడిచేతితోనే తాకాలి. పొడిచేయి దాని ఒంటిపై జిగురుపొరను చెరుపుతుంది. అయితే ఎక్కడ విడువవలెనో ఎక్కడ ఉంచుకొనవలెనో స్థానిక నిబంధనే చెప్పాలి. ఏలయనగా ట్రౌట్ అతిథి. దానికి ఆహారమయ్యే చిన్నచేపలు, కప్పపిల్లలు ఆ వాగులకు సొంతబిడ్డలు.

ఈ విసురు నేర్చుకోవడానికి నీరు అక్కరలేదు. గాలానికి బదులు ఊలు పోగు ముడివేసి బయలునేలపై సాధన చేయవచ్చు. వేసవిలో మోకవద్ద హగరి ఇసుకకంటె విశాలమైన బయలు ఎక్కడిది?

ఆలోచించవలసినది అక్కడే. హగరి అనబడే ఈ వేదవతి కూడ కొండవాగుగా పుట్టినదే. బాబాబుడన్ కొండలలో జన్మించిన వేద, అవతి అనే రెండు ఏరులు కడూరు దగ్గర కలిసి వేదవతి అయినవి. అవలాంచిలో ట్రౌట్ పిల్లలను పెంచసాగిన 1907లోనే, హిరియూరు దగ్గర ఈ నదిపై వాణీవిలాస సాగరం పూర్తయింది. ఆ జలాశయం 1933లో నిండి పొర్లినది. మరల పొర్లినది 2022లో, 89 ఏళ్ళకు. దాని దిగువన అనంతపురం జిల్లాలో భైరవానితిప్ప జలాశయం మరొకటి. ఇన్ని ఊళ్ళ దాహం తీర్చి మిగిలిన నీరే మోకకు చేరాలి. ఇది ఎవరినీ తప్పుపట్టే మాట కాదు. నది లెక్క తెలిసికొమ్మనే మాట.

పరదేశపు చేప ఒకటి బ్రతకడానికి ఒక ప్రభుత్వం నీటి చల్లదనాన్ని కొలిచి, వాగులను వెదకి, గుడ్లను కాపాడింది. హగరి చేపల విషయంలో అంత శ్రద్ధ ఈ బడి పిల్లలు చూపలేరా? యాత్రకు కొన్న ఉష్ణమాపకాన్ని మొదట హగరిలో ముంచాలి. ఏయే తేదీన నీరు వచ్చిందో, ఎన్నాళ్ళు పారిందో, ఏ చేపలు కనిపించినవో ఒక పుస్తకంలో వ్రాయాలి. ఒకప్పుడు ఏ మడుగులో ఏ చేప దొరికేదో పెద్దలనడిగి, వారు చెప్పిన పేర్లతోనే చేర్చాలి. వారు చెప్పగలిగిన రోజులలోనే ఈ పని జరగాలి.

ఆ పుస్తకం చేతబట్టుకొని కొండకు వెళ్ళిన విద్యార్థికి, ట్రౌట్ చిక్కినా చిక్కకపోయినా, ఆ చన్నీటిలో చేయిపెట్టగానే తన ఊరి నదికి ఏమి కావలెనో తెలుస్తుంది. అప్పుడే ఆ యాత్ర సఫలం.