వేట ఆపేది ఒకరు, సంద్రాన్ని ఊడ్చేది ఒకరు

(తీర గ్రామాల సభలో మాట్లాడిన మాటలు)



'పుస్తెలమ్మైనా పులస తినాలి' అంటారు మన కోనసీమలో. ఆ పులస పట్టేవాడి ఇంట్లో, కలుపుతీసే కూలి ఇంట్లో పుస్తెలు ఎప్పుడూ తాకట్టులోనే వుంటాయి. మన కంచంలోకొచ్చేది కవళ్లు, మెత్తళ్లు, ఎండుచేపలు. సంద్రంలో ఆ చిన్నచేప తరిగితే ముందు ఖాళీ అయ్యేది మన కంచమే. అందుకే సంద్రం సంగతి పల్లిపాలేనిదే కాదు, మాలపేటది, మాదిగపేటది కూడా అంటున్నాం.

పులస సంగతే చూడండి. సంద్రంలో వుండగా దాన్ని ఇలస అంటాం. వరద ఎర్రనీరు దిగగానే అంతర్వేది దగ్గర వశిష్ఠలోకి, ఓడలరేవు దగ్గర వైనతేయలోకి గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వస్తుంది. ఏటి మొగలోనే వలలు కాసుకుని వుంటాయి. దాటి పైకి పోతే ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం. మిగిలిన పిల్లలు తిరిగి సంద్రానికి పోతుంటే సన్నకన్ను వల. తల్లీ పోయి పిల్లా పోతే రేపు ఏం మిగులుద్ది?

సర్కారు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సంద్రంలో వేట ఆపుతోంది. 2015 నుంచి ఇది 61 రోజులు. చేప గుడ్డు పెట్టే కాలం, ఆపాల్సిందే. మేం కాదనడం లేదు. కానీ పులస ఏట్లోకొచ్చేది జూలై తర్వాత. దానికి ఈ నిషేధం కాపుదల కాదు.

1994 నాటి సముద్ర వేట చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు తెప్పలకీ నాటు పడవలకీ వదలాలి. మరబోట్లు ఆ అవతలే వేటాడాలి. గీత కాగితం మీదుంది, నీళ్ల మీద కాపలా ఏదీ? బోటు వల అడుగంతా ఊడ్చి పిల్లచేపనీ పట్టుకుపోద్ది. మన ఇసుకలో గుడ్లు పెట్టడానికొచ్చే తాబేలు అందులో చిక్కి, పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చస్తుంది. తాబేలు తప్పించుకునే తలుపు వలకి పెట్టొచ్చు. పెట్టించేవాళ్లు కావాలి.

ఒడ్డున రొయ్యల చెరువులు. చేపపిల్ల పెరిగే మడ అడవి పోయింది, వరి చేలోకి ఉప్పు దిగింది, కోతకూలి పోయింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు చెరువులు తీసెయ్యమంది, అందులోని కూలీలకు పరిహారం కూడా ఇమ్మంది. 2005లో చట్టం తెచ్చి చెరువులకు మళ్లీ దారిచ్చారు.

ఒక మాట మనకీ చెప్పుకోవాలి. పేదోడి చేతిలో వున్నా దోమతెర వల దోమతెర వలే. అది మనమే మానాలి.

వేట నిషేధ భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలైంది. అది పడవెక్కేవాళ్ల లెక్క. గంప మోసే అక్క, ఎండుచేప అమ్మే అవ్వ, ఐసు కొట్టే కుర్రోడు, వీళ్లకి ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలుగుద్ది? పస్తులు పేదలకీ, పేరు సర్కారుకీనా?

మన డిమాండ్లు ఇవీ:

8 కిలోమీటర్ల గీతకి కాపలా పెట్టాలి.
పులస ఎక్కే కాలంలో ఏటి మొగల్లో కొన్నాళ్లు వేట ఆపాలి. ఆపిన రోజులకి కూలి ఇవ్వాలి.
భృతి జాబితాలో ఆడవాళ్లనీ ఒడ్డు కూలీలనీ చేర్చాలి.
మడ అడవి నరికిన చోట మళ్లీ నాటాలి. ఆ పని మన పేటలకే ఇవ్వాలి.

ప్రతి పంచాయతీలో గ్రామసభ పెట్టించి ఈ తీర్మానాలు రాయించండి. 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ నీళ్ల మీద హక్కు చాటారు. 2022లో ఈ జిల్లాకి ఆయన పేరు పెట్టారు. పేరొచ్చింది. నీళ్ల మీద హక్కు మనం తెచ్చుకోవాలి.

జై భీమ్!