రాసిన చెయ్యి, ఏలిన చెయ్యి: జెట్లండ్ ప్రభువు జీవితం

1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు దిబ్బ తవ్వించినప్పుడు శాసనాలు చెక్కిన రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ధాతువులు. అక్కడి బుద్ధధాతువును 1920 నవంబరులో కలకత్తా కాలేజ్ స్క్వేర్ పక్కన మహాబోధి సొసైటీ కట్టించిన ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. ప్రభుత్వం తరఫున దాన్ని సొసైటీ అధ్యక్షులు అశుతోష్ ముఖర్జీ చేతికి అందించినవారు అప్పటి బెంగాల్ గవర్నరు రోనాల్డ్‌షే. తరవాతి కాలంలో జెట్లండ్ మార్క్విస్ అయింది ఆయనే. తెలుగు నేలమీద జరిగే స్మారక సభలో ఒక యార్క్‌షైర్ ప్రభువు గురించి చెప్పుకోవడానికి ఈ ఒక్క సంబంధం చాలు. ఇంకోటి కూడా ఉంది, అది అంత తీయనిది కాదు.

ఆయన అసలు పేరు లారెన్స్ జాన్ లమ్లీ డండాస్; 1876లో పుట్టారు. ఆయన పూర్వీకుడొకడు ఏడేళ్ల యుద్ధంలో సైన్యానికి సరుకులు సరఫరా చేసి కోట్లకు పడగెత్తాడు. రిచ్మండ్ దగ్గరి ఆస్క్ హాల్ కొన్నది ఆ డబ్బుతోనే. వేట, గుర్రాలు ఆ ఇంటి ఊపిరి. 1850లో డెర్బీ గెలిచిన వోల్టిజర్ వాళ్ల గుర్రమే.

అలాంటి ఇంటి కుర్రవాడికి ఆసియా పిచ్చి పట్టింది. 1900లో వైస్రాయ్ కర్జన్ దగ్గర ఏడీసీగా చేరారు. అక్కణ్నుంచి పర్షియా, మధ్య ఆసియా, చైనా, జపాన్ తిరిగారు. తిరిగిన చోటల్లా పుస్తకమైంది. హార్న్‌సీ నుంచి పార్లమెంటుకు ఎన్నికైనా ప్రయాణాల రాత మానలేదు. 1922 నుంచి 1925 దాకా రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షులు. మాలరీ, ఇర్విన్ ఎవరెస్టు మీద అదృశ్యమైన 1924లో ఆ సొసైటీకి పెద్ద ఆయనే.

1917లో బెంగాల్ గవర్నరుగా వచ్చేసరికి రాష్ట్రం కుతకుతలాడుతోంది. వందలమంది యువకులు విచారణ లేకుండానే నిర్బంధంలో ఉన్నారు. చదువుకున్న కుర్రాళ్లు బాంబు ఎందుకు పట్టుకుంటున్నారన్న ప్రశ్న ఈ గవర్నరును వదల్లేదు. పోలీసు నివేదికలతో సరిపెట్టుకోకుండా బంకించంద్రుడి నవలలూ, గీతా, వేదాంతమూ పట్టుకుని కూర్చున్నారు. ఆ చదువు ఫలితమే 1925లో వచ్చిన ‘ది హార్ట్ ఆఫ్ ఆర్యావర్త’. ఇంగ్లీషు చదువు ఈ దేశపు పిల్లల్ని తమ సంప్రదాయం నుంచి తెంచిందనీ, అశాంతికి వేళ్లు అక్కడ ఉన్నాయనీ ఆయన వాదం. ఇందులో నిజం ఉంది. కానీ రోగం మొత్తం సంస్కృతిలోనే ఉందంటే పన్నులు, కరువు, పరాయి పాలన చర్చకే రావు. ఎంత సానుభూతితో రాసినా, ఈ పుస్తకం పాలకుడి కుర్చీలోంచి లేవలేదు.

1921 డిసెంబరు చూడండి. కలకత్తా వీధుల్లో ఖద్దరు అమ్ముతున్నందుకు కాంగ్రెస్ నాయకుడు చిత్తరంజన్ దాస్ భార్య బసంతీదేవిని అరెస్టు చేశారు. ఊరు భగ్గుమంది; ఆ రాత్రే వదిలేయాల్సి వచ్చింది. కొద్దిరోజులకే దాస్‌నూ పట్టుకున్నారు. భారతీయ మనసును అర్థం చేసుకోవాలని తపించిన మనిషి ఏలుబడిలోనే ఇదంతా జరిగింది.

తిరిగి వెళ్లాక గురువు రుణం తీర్చుకున్నారు: 1928లో 3 సంపుటాల కర్జన్ జీవితచరిత్ర.

1935లో బ్రిటిష్ మంత్రివర్గంలో ఇండియా వ్యవహారాల కార్యదర్శి అయ్యారు. రెండో సంబంధం ఇక్కడిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, పర్లాకిమిడి మద్రాసు నుంచి అందులోకి వెళ్లాయి, అక్కడి తెలుగు కుటుంబాలతో సహా. 1913 బాపట్ల మహాసభ నాటి నుంచి ఆంధ్రులు అడుగుతున్న రాష్ట్రం మాత్రం ఆయన హయాంలో రాలేదు.

1940 మార్చి 13న లండన్ కాక్స్‌టన్ హాల్లో అఫ్గానిస్తాన్ గురించి సర్ పెర్సీ సైక్స్ ఉపన్యాసం. అధ్యక్షత జెట్లండ్‌ది. సభ ముగిసి జనం లేస్తుండగా ఉధమ్ సింగ్ రివాల్వర్ పేల్చాడు. జలియన్‌వాలాబాగ్ నాటి పంజాబు పాలకుడు మైకేల్ ఓడ్వయర్ అక్కడే చనిపోయాడు. జెట్లండ్‌కు స్వల్ప గాయమైంది. పోలీసులకు ఉధమ్ సింగ్ చెప్పిన పేరు మహమ్మద్ సింగ్ ఆజాద్. జులై 31న అతన్ని ఉరి తీశారు. జెట్లండ్ మే నెలలోనే పదవి వదిలేశారు. అందుకు కారణం చర్చిల్ ప్రధాని కావడం. కాంగ్రెస్‌తో రాజీకి దారి వెతకాలని మంత్రివర్గంలో ఆయన అంటుంటే, అడ్డుపడింది చర్చిలే.

నేషనల్ ట్రస్ట్ అధ్యక్షులుగా ఆయన చేసిన పని దీర్ఘకాలం నిలిచింది. పన్నుల భారంతో పెద్ద భవంతులు కూలుతున్న రోజుల్లో, లోథియన్ ప్రభువు 1934లో చేసిన సూచన 1937 నాటికి చట్టమైంది. యజమానులు ఇళ్లను ట్రస్టుకు అప్పగించి, అందులోనే కాపురం ఉండే వీలు కలిగింది. పెద్దింటి బిడ్డ కనక ఆ ఇళ్ల కష్టం ఆయనకు బాగా తెలుసు.

1945 నుంచి 1951 దాకా యార్క్‌షైర్ నార్త్ రైడింగ్‌కు లార్డ్ లెఫ్టినెంట్, అంటే తన ప్రాంతంలో రాజుగారి ప్రతినిధి. ట్యూడర్ల కాలంలో సైన్యం కూడగట్టే ఈ పదవికి అప్పటికి మిగిలింది రాజకుటుంబానికి ఎదురేగడం, మేజిస్ట్రేట్ల పేర్లు సూచించడం లాంటి పనులే. ఇండియా చేజారిన 1947లో ఆయన ఆ హోదాలోనే ఉన్నారు. 1956లో ఆత్మకథ వేసి, 1961లో కన్నుమూశారు. కర్జన్‌ను గురించి రాసేవారికి ఆ 3 సంపుటాలు ఇప్పటికీ తప్పనిసరి. ‘ఆర్యావర్త’ను మాత్రం 1921 డిసెంబరు నాటి కలకత్తా పత్రికలను పక్కన పెట్టుకుని చదవాలి.