ఆదర్శపురుషులు - మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన కులమునందలి ఆదర్శపురుషులను గూర్చి మాటలాడుమని పెద్దలు నన్నాజ్ఞాపించిరి. నేను సంస్కృతము చదివి, బడిపంతులుగా కాలము గడపినవాడను. యంత్రముల సంగతి నాకంతగా తెలియదు. ఐనను ఒక పిల్లవానియెడ నేను చేసిన అపరాధము నన్నీ విషయమున మాటలాడుమని ప్రేరేపించుచున్నది.

కులసభలలో పూర్వుల గొప్పతనము చెప్పుకొనుట వాడుక. అది తప్పుగాదు. కాని "మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడు" అను సామెత చందమున అంతటితో నిలిచినచో ప్రయోజనము లేదు. పురాణపురుషుని కథ విని బాలుడు నమస్కరించును. తనవంటి యింట పుట్టి, పడుగుపేకల నడుమ పెరిగి, ఘనకార్యము చేసినవానిని చూచినప్పుడో, "నేనేల చేయరాదు?" అని ప్రశ్నించుకొనును. నమస్కారముకంటె ఆ ప్రశ్నయే మనకు కావలసినది.

అట్టివాడొకడు మనకు గలడు. ఆయన చింతకింది మల్లేశముగారు. నాటి నల్లగొండ జిల్లా, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని శారాజీపేట వారి గ్రామము. వారిది నేతకుటుంబము, చిన్నతనముననే బడి మానినవారు. పోచంపల్లి తరహా చీరలకు రంగు లద్దుటకు పూర్వము ఆసు పోయవలెను. అనగా, అర్ధచంద్రాకారపు చట్రముమీది మేకుల చుట్టును దారమును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు దాదాపు 9,000 పర్యాయములు చేయి ఆడవలెను. వారి తల్లి లక్ష్మిగారు ఈ పనిచే భుజములు పట్టుకొనిపోయి బాధపడుచుండిరి. ఆ బాధ చూడలేక కుమారుడు 1992లో యంత్రము చేయబూనెను. అప్పులయ్యెను; ఇరుగుపొరుగువారు నవ్విరి. పొట్టకూటికై హైదరాబాదు చేరి పనిచేయుచు, అచ్చట నొక కర్మాగారమున నొక యంత్రపు కదలికను చూచి, తనకు చిక్కని కీలకమును గ్రహించెను. 1999లో యంత్రము సిద్ధించినది. గంటల తరబడి సాగు పని గంటన్నరకు దిగినది. దానికి తల్లి పేరనే "లక్ష్మీ ఆసు యంత్రము" అని పేరిడిరి. 2017లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసంగెను. 2019లో వారి జీవితము చలనచిత్రముగా వెలువడెను.

మహాజనులారా! మన నీరుగట్టువారిపల్లె మగ్గములపై నేయునది పట్టుచీర. ఆసు పని మనకు లేదు. కనుక ఆ యంత్రము మనకు పనికిరాకపోవచ్చును. కాని ఆ మనుష్యుడు మనకు పనికివచ్చును. ఆయన యంత్రము మగ్గమును తీసివేయలేదు. మగ్గము వెనుక నున్న తల్లి నొప్పిని తీసివేసినది. ఈ భేదమును మన పిల్లలు గ్రహింపవలెను.

అమెరికాలో వర్ణద్వేషమున కగ్గమైన నల్లజాతివారి చరిత్రమును చూడుడు. కాథరిన్ జాన్సన్ అను గణితవిదుషి, 1962లో జాన్ గ్లెన్ భూప్రదక్షిణమునకు బయలుదేరుటకు ముందు, యంత్రము గట్టిన లెక్కలను తన చేత మరల సరిచూచెను. ఆమె పేరు సామాన్యజనులకు తెలియుటకు 50 సంవత్సరములకు పైగా పట్టినది. 2015లో దేశాధ్యక్షుడు పతకము నొసంగిన మీదట, 2016లో ఆమె కథ గ్రంథముగను చలనచిత్రముగను వచ్చినది. అంతవరకు ఆ విద్య ఎందరో బాలికలకు అడవి గాచిన వెన్నెలయే గదా! మరియొక వంక, బాల్యమున దూరదర్శన కథలో నల్లజాతి స్త్రీని నభోనౌకాధికారిణిగా చూచి ఉత్సాహము పొందిన మే జెమిసన్, 1992లో తానే అంతరిక్షమునకేగెను. వెలుగున్నంత మాత్రమున చాలదు, అది కనబడవలెను.

ఇక నా అపరాధము. పుంగనూరు ప్రాంతమున నేనొక బడిలో పనిచేయుచుండగా, మన కులపు బాలుడొకడు పాత సైకిలు గొలుసుతో, వెదురుబద్దలతో కండెలు చుట్టు రాట్న మొకటి చేసి నాకు చూపవచ్చెను. తల్లికి చేతినొప్పి యని చెప్పెను. నేను "శబ్దములు వల్లెవేయక ఈ చెత్త యేల?" అని కసరి, దానిని బయట పారవేయించితిని. కొన్నాళ్లకు వాడు బడి మానెను. కుప్పములో రైలెక్కి బెంగుళూరు కూలికి పోయెనని వింటిని. 2017లో మల్లేశముగారి వార్త పత్రికలో చదివిననాడు, ఆ గొలుసు రాట్నమే నా కన్నుల గట్టెను. శారాజీపేట కథ నాకు ముందే తెలిసియున్నచో ఆ రాట్నమును పారవేయించెడివాడనా? కనుక ఆదర్శపురుషులు కనబడవలసినది పిల్లలకు మాత్రమే కాదు, పంతుళ్లకును, తల్లిదండ్రులకును గూడ.

సంఘమువారికి నా విన్నపములు రెండు. సన్మానమునకు శాలువతో సరిపుచ్చక, మనలో జకార్డు మగ్గము బాగుచేయువారిని, గణకయంత్రవిద్య నేర్చినవారిని, స్త్రీలను గూడ, ఏటేట మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలోను పిల్లల నడుమ కూర్చుండబెట్టుడు. వారు తమ గెలుపుతో పాటు ఓటమిని, అప్పును, నవ్వులపాటును గూడ చెప్పవలెను; అప్పుడే పిల్లవాడు నమ్మును. రెండవది, వచ్చు సంవత్సరపు సంచికలో దాతల చిత్రముల సరసనే పిల్లలు చేసిన పనిముట్ల చిత్రములను అచ్చొత్తింపుడు.

ఏ యింటనైనను ఒక పిల్లవాడు వంకరటింకర వస్తువొకటి చేసి తెచ్చినచో, పారవేయక ముందు "ఇది యెవరికొరకు చేసితివి నాయనా?" అని యడుగుడు. నేనడుగని ప్రశ్న యది. మీరైన నడుగుదురని నమ్మి, ఇంతతో విరమించుచున్నాను.